పన్ను నేడా, రేపా? సీపీఎస్ ఉద్యోగుల విరమణ పొదుపు: ఒక వివరణ

వ్యాససంగ్రహం: విరమణ కోసం దాచే సొమ్ముపై పన్నును ఎప్పుడు చెల్లించడం మేలన్న ప్రశ్నను సీపీఎస్ ఉద్యోగుల సందర్భంలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం. లెక్కలన్నీ 2025-26 ఆర్థిక సంవత్సరానికి సంబంధించినవి.

కీలకపదాలు: సీపీఎస్, యాన్యుటీ, రోత్ ఖాతా, పన్ను విధానం, పీపీఎఫ్.

1. మూలసూత్రం

అమెరికాలో సంప్రదాయ విరమణ ఖాతాలో వేసే సొమ్ముకు ఆ ఏడాది పన్ను మినహాయింపు లభిస్తుంది. తీసుకునేటప్పుడు పన్ను పడుతుంది. 1997 నాటి చట్టంతో వచ్చిన రోత్ ఖాతా దీనికి విపర్యయం. పన్ను కట్టిన సొమ్మే అందులోకి వెళుతుంది; నిబంధనల మేరకు తీసుకుంటే పన్ను ఉండదు. మొదటి ఖాతా నుంచి రెండవదానికి మార్చిన మొత్తం ఆ ఏడాది ఆదాయంలో కలుస్తుంది. కనుక ఆదాయం తగ్గిన సంవత్సరమే మార్పిడికి అనువైనది. నేటి పన్ను రేటు విరమణానంతర రేటుకన్నా తక్కువైతే ఇప్పుడే చెల్లించాలి. ఎక్కువైతే వాయిదా వేయాలి.

2. సీపీఎస్‌కు అన్వయం

ఆంధ్రప్రదేశ్‌లో 2004 సెప్టెంబరు 1 నుంచి నియమితులైన ఉద్యోగులు మూలవేతనం, కరువు భత్యాలలో 10 శాతం చెల్లిస్తే ప్రభుత్వమూ అంతే జమచేస్తుంది. విరమణ వేళ 60 శాతం వరకు పన్ను లేకుండా తీసుకోవచ్చు. కనీసం 40 శాతంతో యాన్యుటీ కొనాలి; దానిపై వచ్చే పింఛను పన్ను పరిధిలోనిదే. రోత్ వంటి మార్పిడి మనకు లేదు. అయితే వేతనజీవి ఏటా పాత, కొత్త పన్ను విధానాలలో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. ఉద్యోగి చందాకు పాత విధానంలో మినహాయింపు ఉంది, కొత్తదానిలో లేదు. ప్రభుత్వ వాటాకు రెండింటా ఉంది.

3. రెండు ఉదాహరణలు

కొనకనమిట్ల మండలంలో సొంత ఇంట్లో ఉంటున్న ఒక ఉపాధ్యాయుని వార్షిక వేతనం 11 లక్షలనుకుందాం. సీపీఎస్ చందా, ఏపీజీఎల్‌ఐ వంటివాటితో లక్షన్నర పరిమితి నిండి, అదనపు 50 వేల మినహాయింపు వాడుకున్నా పాత విధానంలో పన్ను దాదాపు 85 వేలు. కొత్త విధానంలో సున్నా. మినహాయింపు పోయినా నష్టం లేదు; చందా పన్ను భారం లేకుండానే ఖాతాకు చేరింది.

18 లక్షల వేతనం గల కళాశాల అధ్యాపకుని స్థితి వేరు. అవే మినహాయింపులతో పాత విధానంలో సెస్సుతో కలిపి 2,88,600 రూపాయలు, కొత్తదానిలో 1,50,800 రూపాయలు. ఇక్కడా కొత్తదే లాభం. కాని ఆయన చందాపై 20 శాతం పన్ను ముందే పడింది. యాన్యుటీ పింఛనుపై మళ్లీ పడే అవకాశం ఉంది. తప్పనిసరి చందాను ఆపలేం. స్వచ్ఛందంగా దాచే సొమ్మును మాత్రం పీపీఎఫ్‌కు మళ్లించవచ్చు. 15 ఏళ్ల గడువు గల ఆ ఖాతాలో అసలుకూ వడ్డీకీ చివర పన్ను లేదు. కొత్త విధానంలో ఉన్నవారికి రోత్ ఖాతాకు దగ్గరి రూపం అదే. షేర్ల మార్కెట్టు రాబడి ఆశించేవారు పింఛను ఖాతానే కోరుకోవచ్చు. అప్పుడు రెండవసారి పడే పన్నును కూడా లెక్కలో చేర్చుకోవాలి.

4. ముగింపు

ఏ విధానంలో మినహాయింపులు ఎక్కువన్నది అసలు ప్రశ్న కాదు. సొమ్ము లోపలికి వెళ్లేటప్పుడు ఎంత, బయటికి వచ్చేటప్పుడు ఎంత అన్నదే ప్రశ్న. బకాయిలు ఒకేసారి అందిన ఏడాది, పదోన్నతి వచ్చిన ఏడాది ఈ లెక్క మారుతుంది. అందువల్ల విధానం ఎంపికను అలవాటుగా కాక, ఏటా రిటర్ను దాఖలుకు ముందు కొత్తగా చేయవలసిన నిర్ణయంగా భావించడం ఉచితం.