మీకు తెలుసా? విజిల్ పడకముందే లేచారో... అంతే సంగతులు!

ఫుట్‌బాల్ మ్యాచ్ ఎంతసేపు ఆడతారు? 90 నిమిషాలు అంటారా? అక్కడే పప్పులో కాలేశారు! 2022 ఖతార్ ప్రపంచకప్‌లో ఇంగ్లండ్, ఇరాన్ ఆడిన మ్యాచ్ గుర్తుందా? రెండు సగాలూ కలిపి అదనంగా, అంటే ఇంజురీ టైమ్‌గా, ఆడించిందే దాదాపు 27 నిమిషాలు! ఇరాన్ రెండో గోల్ పడింది తొంభై దాటిన పదమూడో నిమిషంలో! గడియారం చూసుకుని లేచినవాళ్లకు ఆ గోల్ దక్కదు. సినిమా క్లైమాక్స్‌లో ఉండగానే పార్కింగ్‌లోంచి బండి తీయడానికి పరిగెత్తేవాళ్లు ఉంటారే, అచ్చం అలాగే! అలా లేచి వెళ్లినవాళ్లు ఏమేం పోగొట్టుకున్నారో తెలిస్తే ముక్కున వేలేసుకుంటారు. ఇలా దగ్గరికి రండి, చెబుతాను!

1999 మే 26. బార్సిలోనాలో ఛాంపియన్స్ లీగ్ ఫైనల్. బయర్న్ మ్యూనిక్ 1, మాంచెస్టర్ యునైటెడ్ 0. మ్యాచ్ అయిపోవచ్చింది! కప్పు అందించాల్సిన పెద్దమనిషి లేచారు. ఎవరనుకున్నారు? యూరప్ ఫుట్‌బాల్ సంఘం అధ్యక్షుడు లెనార్ట్ యోహాన్సన్! లిఫ్టు ఎక్కి కిందికి దిగారు. మైదానం దగ్గరికి వచ్చి చూస్తే ఏముంది? గెలిచారనుకున్నవాళ్లు ఏడుస్తున్నారు! ఓడారనుకున్నవాళ్లు గంతులేస్తున్నారు! ఆయనకు ఏమీ పాలుపోలేదు. ఆయన దారిలో ఉండగానే యునైటెడ్ ఆటగాడు షెరింగమ్ ఒక గోల్ కొట్టాడు. వెంటనే సోల్‌షేర్ ఇంకోటి కొట్టాడు. రెండు గోల్స్ మధ్య తేడా 2 నిమిషాలు కూడా లేదు! యూరప్ ఫుట్‌బాల్‌కే పెద్దదిక్కు అయిన మనిషి, యూరప్ ఫుట్‌బాల్‌లోనే అతి గొప్ప ముగింపును చూడలేకపోయారు!

ఆయనొక్కరికే ఇలా జరిగిందనుకుంటున్నారా? ఇంకో అధ్యక్షుడికీ జరిగింది! 1950 ప్రపంచకప్, రియోలోని మారకానా స్టేడియం. టికెట్టు కొని వచ్చినవాళ్లే 1,73,850 మంది! స్కోరు 1-1. ఉరుగ్వేతో డ్రా అయితే చాలు, కప్పు బ్రెజిల్‌దే. ఫిఫా అధ్యక్షుడు జూల్స్ రిమే బ్రెజిల్‌ను మెచ్చుకుంటూ ప్రసంగం సిద్ధం చేసుకుని కిందికి బయలుదేరారు. ఆయన మైదానం చేరేసరికి చీమ చిటుక్కుమన్నా వినిపించేంత నిశ్శబ్దం! ఉరుగ్వే ఇంకో గోల్ కొట్టి గెలిచేసింది! ప్రసంగం జేబులోనే ఉండిపోయింది. ఆ గందరగోళంలో ఉరుగ్వే కెప్టెన్‌ను వెతికి పట్టుకుని, ఏ వేడుకా లేకుండా కప్పు చేతిలో పెట్టారు. ఆ కప్పు పేరేంటో తెలుసా? జూల్స్ రిమే కప్! తన పేరున్న కప్పును గెలిపించిన గోల్‌ను ఆయనే చూడలేదు!

మళ్లీ 1999కే వద్దాం. బార్సిలోనా ఫైనల్ అయిన నాలుగు రోజులకే, అదే మాంచెస్టర్ నగరానికి చెందిన ఇంకో క్లబ్ వంతు! మాంచెస్టర్ సిటీ అప్పట్లో మూడో అంచె లీగ్‌లో ఉంది. పైమెట్టు ఎక్కడానికి వెంబ్లీలో జిల్లింగమ్‌తో ఆఖరి పోరు. 87వ నిమిషంలో జిల్లింగమ్ రెండో గోల్ కొట్టింది. 2-0! సిటీ అభిమానులు తలలు దించుకుని గేట్ల వైపు నడిచారు. అంతలో హార్లాక్ గోల్ కొట్టాడు! ఇంజురీ టైమ్ ఐదో నిమిషంలో డికోవ్ ఇంకోటి! స్కోరు సమం! వెళ్లిపోయినవాళ్లలో కొందరు ఉరుకులు పరుగులతో వెనక్కి వచ్చారు. పెనాల్టీ షూటౌట్‌లో సిటీదే గెలుపు!

ఆ మే నెలలో ఏ మహిమ ఉందోగానీ, 8వ తేదీన ఇంకో వింత జరిగింది! కార్లైల్ క్లబ్ ఓడినా, డ్రా చేసుకున్నా లీగ్ నుంచి ఔట్. స్కోరు 1-1. మిగిలినవి క్షణాలే. ఇంకో ఊళ్లో, మ్యాచ్ ముగిసిన స్కార్‌బరో మైదానంలో, తాము బతికిపోయామని అభిమానులు సంబరాలు మొదలుపెట్టేశారు! ఇక్కడ కార్లైల్‌కు కార్నర్ దొరికింది. గోల్‌కీపర్ జిమ్మీ గ్లాస్ తన గోల్ వదిలేసి మైదానం ఆ చివరికి పరిగెత్తాడు. బంతి ఎగిరొచ్చింది. ఒక్క తన్ను! గోల్! కార్లైల్ బతికింది, స్కార్‌బరో మునిగింది! ఇంకో వింత వినండి. అతను అరువుకు వచ్చిన ఆటగాడు! కార్లైల్ తరఫున ఆడినవి మొత్తం 3 మ్యాచ్‌లే!

అన్నట్టు, మాంచెస్టర్ సిటీ అభిమానులు పాఠం నేర్చుకున్నారా? లేదు! 2012 మే 13న మళ్లీ లేచారు! ఈసారి ఇంగ్లండ్ లీగ్ టైటిల్ కోసం. 44 ఏళ్లుగా ఎదురుచూస్తున్న టైటిల్! ప్రత్యర్థి క్వీన్స్ పార్క్ రేంజర్స్‌కు 10 మందే మిగిలినా, సిటీ 2-1తో వెనకబడింది. తొంభై నిమిషాలు నిండాయి. కళ్లు తుడుచుకుంటూ కొందరు స్టేడియం బయటికి నడిచారు. జెకో గోల్! స్కోరు సమం! ఆ తర్వాత అగ్వేరో! ఆ గోల్ పడినప్పుడు గడియారంలో ఎంతో సిటీ అభిమానిని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు: 93 నిమిషాల 20 సెకన్లు! అంతకాలం ఆగినవాళ్లు ఇంకో మూడు నిమిషాలు ఆగలేకపోయారు, పాపం!

నిజానికి ఆగినవాళ్లకు ఈ క్లబ్ ఎప్పుడూ లోటు చేయలేదు! 2004లో ఎఫ్‌ఏ కప్ మ్యాచ్. హాఫ్‌టైమ్‌కు టోటెన్‌హామ్ 3, సిటీ 0. పైగా సిటీ ఆటగాడికి రెడ్ కార్డ్. 10 మందితో ఏం చేస్తారు? 4 గోల్స్ కొట్టారు! 4-3తో గెలిచారు!

స్టాండ్లు ఖాళీ అవుతుంటే మైదానం పక్కన నిలబడ్డ కోచ్‌కు ఎలా ఉంటుంది? అప్పటి లివర్‌పూల్ కోచ్ యుర్గెన్ క్లోప్ మనసులో మాట దాచుకోలేదు. 2015 నవంబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ 82వ నిమిషంలో గోల్ కొట్టింది. జనం బిలబిలమంటూ గేట్ల వైపు కదిలారు. వాళ్లను చూసి తాను ఒంటరినైపోయినట్టు అనిపించిందని ఆయన బహిరంగంగానే చెప్పారు! ఎనిమిది నిమిషాలు, ఇంజురీ టైమ్ మిగిలి ఉండగానే వెళ్లిపోతే ఎలా అన్నది ఆయన బాధ. మరుసటి నెలలో ఏమైందో తెలుసా? వెస్ట్ బ్రామ్‌తో మ్యాచ్‌లో ఒరిగీ ఇంజురీ టైమ్‌లో గోల్ కొట్టి 2-2 చేశాడు. ఈసారి జనం కదల్లేదు! క్లోప్ ఆటగాళ్లందరి చేతులు కలిపి, స్టాండ్ ముందు వరసగా నిలబెట్టి అభిమానులకు దండం పెట్టించారు. గెలవలేదు, డ్రా మాత్రమే! అయినా దండం!

ఇప్పుడు నాకు అన్నిటికంటే ఇష్టమైన కథ! అదే లివర్‌పూల్. 2016 ఫిబ్రవరి 6. సండర్లాండ్‌పై లివర్‌పూల్ 2-0 ఆధిక్యంలో ఉంది. గెలుస్తున్న జట్టును వదిలి ఎవరైనా వెళ్తారా? వెళ్లారు! సరిగ్గా 77వ నిమిషంలో లేచారు! సుమారు పది వేల మంది! ఎందుకు 77? క్లబ్ కొత్త స్టాండ్‌లో అత్యంత ఖరీదైన టికెట్టు ధర 77 పౌండ్లు చేస్తామంది కాబట్టి! ఎంత ధర అంటే అంతవరకే చూస్తాం, ఆ తర్వాత మా దారి మాది అన్నారు! చూడండి ఎంత తెలివో! ఒక్క రాయి పడలేదు, ఒక్క కుర్చీ విరగలేదు. లేచి నడిచారు, అంతే!

కథ అక్కడితో ఆగలేదు! జనం వెళ్లిపోగానే మైదానంలో ఏదో శక్తి పోయినట్టైంది. సండర్లాండ్ ఒక గోల్ కొట్టింది. 89వ నిమిషంలో డిఫో రెండోది కొట్టాడు. 2-2! చేతిలో ఉన్న గెలుపు జారిపోయింది! క్లోప్ ఆ రోజు అక్కడ లేరు. అపెండిసైటిస్‌తో ఆస్పత్రి పాలయ్యారు! మరి టికెట్టు సంగతి? నాలుగు రోజులకే యజమానులు క్షమాపణ చెప్పి వెనక్కి తగ్గారు! అత్యధిక ధర 59 పౌండ్ల దగ్గరే ఆగింది. మ్యాచ్ మధ్యలో లేచి వెళ్లి గెలిచిన అభిమానులు వీళ్లే! టికెట్టు కొనే మామూలు మనిషి మాటకు ఇంత బలం ఉందని చూపించినందుకు వాళ్లంటే నాకెంతో గౌరవం!

హాఫ్‌టైమ్‌కే లేస్తే? న్యూకాజిల్‌లో 2011 ఫిబ్రవరిలో అలాగే కొందరు ఇంటిదారి పట్టారు. ఆర్సెనల్ 4, న్యూకాజిల్ 0. ఎవరు మాత్రం కూర్చుంటారు? కూర్చున్నవాళ్లకు పండగే పండగ! రెండో సగంలో 19 నిమిషాల్లో నాలుగు గోల్స్! 4-4! నాలుగోది కొట్టిన టియోటే, న్యూకాజిల్‌కు ఆడినన్ని ఏళ్లలో కొట్టిన గోల్ అదొక్కటే! ఒకే ఒక్క గోల్, అదీ ఆ రోజే!

ఇది చిన్నది అనుకుంటే 1957 డిసెంబర్‌కు వెళ్దాం! లండన్‌లో చార్ల్‌టన్, హడర్స్‌ఫీల్డ్ మ్యాచ్. ఆట మొదట్లోనే గాయంతో ఒకరు తప్పుకోవడంతో చార్ల్‌టన్ 10 మందితో ఆడుతోంది. అప్పట్లో బదులు ఆటగాడు అన్న మాటే లేదు! అరగంట కూడా మిగల్లేదు, హడర్స్‌ఫీల్డ్ 5, చార్ల్‌టన్ 1. లేచి వెళ్లారనుకోండి... ఎన్ని గోల్స్ పోయినట్టు? 7! చివరికి చార్ల్‌టన్ 7-6తో గెలిచింది! జానీ సమ్మర్స్ ఒక్కడే ఐదు కొట్టాడు. ఆరు గోల్స్ కొట్టీ ఓడిన ఆ హడర్స్‌ఫీల్డ్ కోచ్ ఎవరో తెలుసా? తర్వాత లివర్‌పూల్‌ను శిఖరానికి ఎక్కించిన బిల్ షాంక్లీ!

అదే చార్ల్‌టన్‌లో అసలు వెళ్లనే వెళ్లని మనిషి ఒకడున్నాడు! గోల్‌కీపర్ శామ్ బార్ట్రమ్. 1937 క్రిస్మస్ రోజు చెల్సీతో మ్యాచ్. దట్టమైన పొగమంచు! రిఫరీ ఆట ఆపేశాడు. అందరూ లోపలికి వెళ్లిపోయారు. బార్ట్రమ్‌కు మాత్రం తెలియదు! మనవాళ్లు ఆ చివర దాడి చేస్తున్నారు కాబోలు అని సంతోషపడుతూ గోల్ ముందు కాపలా కాస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు? దాదాపు 15 నిమిషాలు! చివరికి మంచులోంచి ఒక పోలీసు వచ్చి, ఆట ఎప్పుడో ఆగిపోయిందని చెప్పాడు!

ఒక్క సంగతి మాత్రం గొంతు తగ్గించి చెప్పాలి. 1971 జనవరి 2న గ్లాస్గోలోని ఐబ్రాక్స్ స్టేడియంలో, చివరి నిమిషాల్లో సెల్టిక్ ఒకటి, రేంజర్స్ ఒకటి గోల్ చేశాయి. ఆట ముగిశాక మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది చనిపోయారు. ముందే వెళ్తున్నవాళ్లు గోల్ కేక విని వెనక్కి తిరగడమే కారణమని చాలాకాలం చెప్పుకున్నారు. అది నిజం కాదని విచారణ తేల్చింది. అందరూ కిందికే దిగుతున్నారు, ఒకరు పడితే మీద ఇంకొకరు పడ్డారు. రద్దీకి భయపడి ముందే లేచేవాళ్లను చూస్తే నాకు కోపం రాదు, అందుకే.

మ్యాచ్ మధ్యలో టీవీయే లేచి వెళ్లిపోతే? వెళ్లింది! ఇది అమెరికన్ ఫుట్‌బాల్, ఆట వేరు. అయినా చెప్పకుండా ఉండలేను! 1968 నవంబర్ 17న న్యూయార్క్ జెట్స్, ఓక్లాండ్ రైడర్స్ మ్యాచ్. ఇంకా 65 సెకన్లు ఉండగా ఎన్‌బీసీ ఛానెల్ చాలా ప్రాంతాల్లో మ్యాచ్ కట్ చేసి పిల్లల సినిమా ‘హైదీ’ వేసేసింది! అప్పటికి జెట్స్ ముందంజలో ఉంది. ఆ మిగిలిన కాసేపట్లోనే రైడర్స్ రెండు టచ్‌డౌన్లు చేసి గెలిచింది! దేశమంతా ఫోన్లు! ఛానెల్ స్విచ్‌బోర్డు చేతులెత్తేసింది!

ఆట ముగియకముందే సంబరాలు చేసుకున్నవాళ్ల గతి ఇంకా ఘోరం! 2001 మేలో జర్మనీలో షాల్కే తన మ్యాచ్ గెలిచింది. అక్కడ హాంబర్గ్‌లో బయర్న్ ఓడిపోతోంది. ఇంకేం, టైటిల్ మాదే అని షాల్కే అభిమానులు మైదానంలోకి దూకారు! బయర్న్ మ్యాచ్ మాత్రం ఇంకా నడుస్తోంది! ఇంజురీ టైమ్‌లో ఆండర్సన్ గోల్ కొట్టాడు. డ్రా! టైటిల్ బయర్న్‌ది! షాల్కే ఛాంపియన్‌గా ఉన్నది సుమారు 4 నిమిషాలు!

మళ్లీ లేచి వెళ్లినవాళ్ల సంగతికే వద్దాం! 2014 ప్రపంచకప్ సెమీస్‌లో బ్రెజిల్‌పై జర్మనీ 29 నిమిషాల్లో ఐదు గోల్స్ కొట్టింది. బ్రెజిల్ అభిమానులు ఏడుస్తూ హాఫ్‌టైమ్‌కు ముందే వెళ్లిపోసాగారు. తప్పుపట్టలేం! ఉన్నవాళ్లు ఏం చేశారో తెలుసా? జర్మనీ ఏడో గోల్‌కు చప్పట్లు కొట్టారు! బ్రెజిల్ కొట్టిన ఏకైక గోల్? తొంభయ్యో నిమిషంలో! వెళ్లిపోయినవాళ్లకు ఆ కాస్త ఊరటా దక్కలేదు!

ఖతార్ 2022లో ఆతిథ్య దేశం మొదటి మ్యాచ్‌కు లెక్క ప్రకారం వచ్చింది 67,372 మంది! ఈక్వడార్ రెండు గోల్స్ కొట్టగానే సొంత అభిమానులే లేచారు. ఆట ముగిసేసరికి వరసలకు వరసలు ఖాళీ!

మాడ్రిడ్ వెళ్దామా? 2022 మే 4, ఛాంపియన్స్ లీగ్ సెమీస్. తొంభయ్యో నిమిషం వచ్చేసరికి రియల్ మాడ్రిడ్‌కు రెండు గోల్స్ కావాలి. ఎదురుగా ఎవరు? మన మాంచెస్టర్ సిటీయే! రోడ్రిగో ఒకటి కొట్టాడు. దాదాపు 90 సెకన్లలో ఇంకోటీ అతనే కొట్టాడు! ఎక్స్‌ట్రా టైమ్‌లో బెంజిమా పెనాల్టీ, రియల్ ఫైనల్‌కు! ఆఖరి నిమిషాలతో గెలిచిన క్లబ్, ఆఖరి నిమిషాలతోనే ఓడింది!

ఇక మన హైదరాబాద్! 2022 మార్చి 20, గోవాలో ఐఎస్‌ఎల్ ఫైనల్. హైదరాబాద్ ఎఫ్‌సీ, కేరళ బ్లాస్టర్స్. స్టేడియం కేరళ అభిమానులతో కిక్కిరిసిపోయింది. కేరళదే ఆధిక్యం, 1-0. అప్పుడు 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టాడు చూడండి ఒక్క షాట్! బంతి నెట్‌లో! ఎక్స్‌ట్రా టైమ్ ఆడారు. తేలలేదు. షూటౌట్‌లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి గోడలా నిలిచాడు. 3-1! కప్పు హైదరాబాద్‌కు వచ్చేసింది, మొట్టమొదటిసారి!