ఉద్యోగం సరిహద్దు దాటితే కార్మికుడికి దక్కేదేమిటి?

అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో గేల్స్‌బర్గ్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడ రిఫ్రిజిరేటర్లు తయారుచేసే మేటాగ్ కర్మాగారం 2004లో మూతపడింది. ఉత్పత్తి మెక్సికోలోని రెయ్నోసాకు తరలిపోయింది. దాదాపు 1,600 మంది ఉపాధి కోల్పోయారు. వారిలో పలువురు నడివయసులో మళ్లీ పుస్తకాలు పట్టి స్థానిక కళాశాలలో చేరారు. ఇటువంటి వారికి శిక్షణ ఖర్చు భరించి, ఆ కాలంలో ఇల్లు గడవడానికి భృతి కూడా ఇచ్చేందుకు అమెరికా ప్రభుత్వం నడిపిన పథకమే ‘ట్రేడ్ అడ్జస్ట్‌మెంట్ అసిస్టెన్స్’, క్లుప్తంగా టీఏఏ. 2022 జులై 1 నుంచి ఈ పథకం నిలిచిపోయింది. అంతకుముందే ఉద్యోగం పోయి అర్హత పొందినవారికి సాయం కొనసాగినా, కొత్త దరఖాస్తులకు దారి మూసుకుపోయింది.

విదేశీ వాణిజ్యం వల్ల లాభం దేశమంతటికీ పంచుకుపోతుంది. నష్టం మాత్రం కొన్ని ఊళ్ల మీద, కొన్ని వృత్తుల మీద పడుతుంది. దేశం తీసుకున్న నిర్ణయానికి మూల్యం కొందరే చెల్లించడం న్యాయం కాదన్న ఆలోచనతో 1962లో కెనడీ ప్రభుత్వం ఈ పథకాన్ని వాణిజ్య చట్టంలో చేర్చింది. అయితే దిగుమతి సుంకాల తగ్గింపే ఉద్యోగ నష్టానికి ప్రధాన కారణమని నిరూపించాలన్న షరతు ఎంత కఠినమైనదంటే, 1969 వరకు ఒక్క కార్మిక బృందానికి కూడా సాయం మంజూరు కాలేదు. 1974 చట్టం ఆ షరతును సడలించింది. ఆ తర్వాత 50 లక్షల మందికి పైగా కార్మికులు అర్హత పొందారు.

పథకం పనిచేసే తీరు గమనించదగినది. ఇద్దరు ముగ్గురు కార్మికులు కలిసి దరఖాస్తు పెట్టుకున్నా చాలు. యూనియన్ గానీ, యాజమాన్యమే గానీ పెట్టవచ్చు. కార్మిక శాఖ దర్యాప్తు అధికారులు సంస్థ అమ్మకాల లెక్కలు తెప్పించుకుంటారు, అవసరమైతే కొనుగోలుదారులనూ విచారిస్తారు. ఉత్పత్తి విదేశానికి తరలిందా, దిగుమతులు పెరిగి గిరాకీ పోయిందా అన్నదే ప్రశ్న. అవునని తేలితే ఆ కార్మిక బృందమంతటికీ ధ్రువీకరణ లభిస్తుంది.

2015 చట్టం ప్రకారం శిక్షణలో ఉన్నవారికి నిరుద్యోగ బీమాతో కలిపి గరిష్ఠంగా 130 వారాల భృతి దక్కేది. ఉద్యోగాన్వేషణకు, వేరే ఊరికి మకాం మార్చుకోవడానికి ఖర్చులిచ్చేవారు. 50 ఏళ్లు దాటినవారు తక్కువ జీతానికి కొత్త ఉద్యోగంలో కుదిరితే, పాత జీతానికీ కొత్త జీతానికీ ఉన్న తేడాలో సగం, రెండేళ్లలో 10,000 డాలర్లు మించకుండా చెల్లించేవారు. చాలా దేశాల్లో లేని ఏర్పాటు ఇది. ఆ వయసులో తిరిగి బడికి వెళ్లమనడం కన్నా ఇదే మర్యాదైన సాయం.

చిక్కంతా ‘ఎందుకు పోయింది’ అన్న ప్రశ్నలోనే ఉంది. ఒకే వీధిలో ఇద్దరి ఉద్యోగాలు పోయాయనుకుందాం. ఒకరి పని మెక్సికోకు వెళ్లింది, మరొకరి పని యంత్రం చేతికి వెళ్లింది. మొదటివారికి రెండేళ్లకు పైగా ఆసరా. రెండోవారికి చాలా రాష్ట్రాల్లో 26 వారాల నిరుద్యోగ బీమా మాత్రమే. ఇంట్లో పొయ్యి ఆరిపోవడంలో మాత్రం తేడా ఉండదు.

ఆ ప్రశ్న భారతదేశంతోనూ ముడిపడింది. ‘వస్తువు’ తయారుచేసేవారికే సాయమని చట్టం చెప్పేది. 2000 తర్వాతి తొలి సంవత్సరాల్లో పని భారత్ వంటి దేశాలకు తరలిపోయిన అమెరికా సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు దరఖాస్తు చేస్తే, డిస్కులో పెట్టి అమ్మితేనే సాఫ్ట్‌వేర్ వస్తువు అవుతుందనీ, తీగల మీదుగా పంపితే కాదనీ కార్మిక శాఖ వాదించింది. న్యూయార్క్‌లోని అంతర్జాతీయ వాణిజ్య న్యాయస్థానం ఈ తర్కాన్ని అంగీకరించలేదు. 2006లో శాఖ వైఖరి మార్చుకుంది. 2009లో సేవారంగ ఉద్యోగులందరికీ పథకం వర్తించింది. ఒక మాటకు అర్థం తేల్చుకోవడానికి పట్టిన ఆ కాలంలో ఎన్ని కుటుంబాలు పొదుపు కరిగించుకున్నాయో ఏ తీర్పులోనూ కనబడదు. పథకం ఆగిపోవడానికి ముందు ఏడాది నిబంధనలు మళ్లీ కుదించుకుపోయి, సేవారంగం జాబితాలోంచి తొలగింది.

సాయం ఫలించిందా అన్న విషయంలో అధ్యయనాలు ఏకీభవించవు. కార్మిక శాఖ కోసం చేసిన 2012 నాటి మూల్యాంకనంలో, నాలుగో ఏడాదిలో లబ్ధిదారుల సంపాదన వారితో పోల్చిన ఇతరుల కన్నా తక్కువగా కనిపించింది. తర్వాత ఆర్థికవేత్త బెంజమిన్ హైమన్ పరిశోధనలో, పదేళ్లు లెక్కిస్తే లబ్ధిదారులు సుమారు 50,000 డాలర్లు అదనంగా సంపాదించినట్లు తేలింది. శిక్షణ కాలంలో సంపాదన లేకపోవడం సహజమే కనుక, దాని ఫలితాన్ని తొలి నాలుగేళ్లలోనే కొలవడం తొందరపాటే.

పథకం ఆగిపోవడానికి కారణం రాజకీయం. కొత్త వాణిజ్య ఒప్పందాలకు మద్దతు కూడగట్టేటప్పుడు కార్మికులకు ఊరటగా టీఏఏను పొడిగించడం అమెరికన్ కాంగ్రెస్‌లో ఆనవాయితీ. ఒప్పందాల ఊసు తగ్గాక, ఊరట బేరమూ ఆగింది.

భారత చట్టం ఉద్యోగం ఎక్కడికి పోయిందని అడగదు. రిట్రెంచ్‌మెంట్‌కు గురైన కార్మికుడికి పూర్తి చేసిన ప్రతి సర్వీసు సంవత్సరానికి 15 రోజుల వేతనం పరిహారంగా రావాలి. ఈఎస్‌ఐ పరిధిలోని అర్హులకు అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన కింద గరిష్ఠంగా 90 రోజుల పాటు సగం వేతనం ఇచ్చే ఏర్పాటు ఉంది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్, పునఃశిక్షణ నిధి ద్వారా మరో 15 రోజుల వేతనాన్ని 45 రోజుల్లోగా కార్మికుడి ఖాతాలో జమచేయాలంటోంది. నిర్ణీత కాలానికి నియమితులై, గడువు ముగియగానే ఇంటికి వెళ్లేవారిని మాత్రం ఆ కోడ్ రిట్రెంచ్‌మెంట్ అయినవారిగా పరిగణించదు.