పాత కారు జాతకం

మనకు పుట్టినరోజు ఉంటుంది. మరి ఇనుపముక్కకు ఉంటుందా? తప్పకుండా ఉంటుంది! అమెరికాలో 1969లో తయారైన ఒక షెవ్రొలే కారు బానెట్ ఎత్తి, ఇంజను దిమ్మ వెనుక భాగాన పేరుకున్న చమురు మడ్డిని తుడిచి చూస్తే "సి 12 9" అని ఉబ్బెత్తుగా కనిపించిందనుకోండి. ఇంగ్లీషు అక్షరాల వరుసలో ఏ అంటే జనవరి, బి అంటే ఫిబ్రవరి, సి అంటే మార్చి. 12 తేదీ. చివరి 9 సంవత్సరంలోని ఆఖరి అంకె. అంటే కరిగిన ఇనుమును అచ్చులో పోసి ఆ దిమ్మను తయారుచేసింది 1969 మార్చి 12న అన్నమాట.

"ఆ 9 అంటే 1959 ఎందుకు కాకూడదు?" అని మీరు అడగవచ్చు. మంచి ప్రశ్నే. దగ్గరలోనే పోత సంఖ్య అని మరొకటి ఉంటుంది. ఏ నమూనా అచ్చులో పోసిందీ అది చెబుతుంది. 1959లో ఆ నమూనా ఇంకా పుట్టలేదు.

పాత కార్లను బాగుచేసి తిప్పుకునేవారు ప్రపంచమంతటా ఉన్నారు. కాని అమెరికాలో కొందరికి అది చాలదు. కారు కర్మాగారం గేటు దాటిన రోజున ఎలా ఉందో, అచ్చంగా అలాగే ఉండాలంటారు. బోల్టు తల మీది గుర్తు దగ్గర నుంచి రంగులోని లోపాల వరకూ అంతా అప్పటిలాగే ఉండాలి. ఇది వట్టి సరదా పని కాదు. ఇందులో రసాయనశాస్త్రం ఉంది, లోహశాస్త్రం ఉంది, ఒక నేరపరిశోధకుడికి కావలసినంత తర్కమూ ఉంది.

ముందు ఆ కార్ల సంగతి చూద్దాం. 1964లో పాంటియాక్ కంపెనీ మధ్యరకం కారులో 389 ఘనపుటంగుళాల పెద్ద ఇంజనును బిగించి, జి.టి.ఓ. అనే పేరుతో అమ్మింది. మధ్యరకం కార్లలో 330 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పెట్టకూడదని జనరల్ మోటార్స్ సంస్థ నియమం. పాంటియాక్ ఇంజనీర్లు దానిని కొత్త కారు అనకుండా, ఉన్న కారు మీద కావాలంటే కొనుక్కోగల అదనపు సరంజామాగా చూపించి ఆ నియమాన్ని తప్పించుకున్నారు. అక్కడ మొదలైన పోటీ ఏడెనిమిదేళ్ళు జోరుగా సాగింది. తేలికపాటి ఒంటికి బండెడు బలం తగిలించిన ఈ కార్లకు "మజిల్ కార్లు" అని పేరు వచ్చింది. అంటే కండలు తిరిగిన కార్లు! పొగ మీద ఆంక్షలు, పెరిగిన బీమా ఖర్చు, 1973 నాటి చమురు సంక్షోభం కలిసి వాటి కథ ముగించాయి.

వీటిలో ఒకదానిని ఉదాహరణగా తీసుకుందాం. దాని పేరు 1969 నాటి షెవ్రొలే కమారో జెడ్-28. ఇంజను కొలత 302 ఘనపుటంగుళాలు. ఈ సంఖ్య వెనుక ఒక తమాషా ఉంది. ట్రాన్స్-ఆమ్ అనే పందేలలో 305 ఘనపుటంగుళాలకు మించిన ఇంజను పనికిరాదు. షెవ్రొలే దగ్గర 283, 327 కొలతల ఇంజన్లు ఉన్నాయి. ఒకటి మరీ చిన్నది, ఇంకొకటి హద్దు దాటింది. అప్పుడు 327 ఇంజనులోని 4 అంగుళాల వ్యాసం గల సిలిండర్లను తీసుకుని, 283 ఇంజనులోలాగా పిస్టను 3 అంగుళాలే కదిలేటట్లు చేశారు. స్తూపం ఘనపరిమాణం మీకు తెలిసినదే. వ్యాసార్ధం 2 కనుక 3.1416 × 2 × 2 × 3 అంటే సుమారు 37.7. సిలిండర్లు ఎనిమిది. మొత్తం 301.6! మన మెట్రిక్ కొలతలో 4,942 ఘన సెంటీమీటర్లు. మన అంబాసిడర్ కారులో ఎన్నో ఏళ్ళు వాడిన ఇంజను 1,489 ఘన సెంటీమీటర్లు. పోల్చి చూసుకోండి.

కంపెనీ దీని బలం 290 అశ్వసామర్థ్యాలని ప్రకటించింది. అయితే ఆ కాలపు అంకెలను నేటి అంకెలతో పోల్చకూడదు. ఫ్యాను, పొగగొట్టం వంటి బరువులేవీ లేకుండా బల్ల మీద పెట్టి కొలిచిన లెక్కలవి. 1972 నుంచి అమెరికాలో కొలిచే పద్ధతే మారింది.

ఇప్పుడు జాతకానికి వద్దాం. కారుకు 13 గుర్తుల సంఖ్య ఒకటి ఉంటుంది. అది ముందు అద్దంలోంచి బయటికి కనబడేటట్లు ఉండాలని అమెరికాలో నిబంధన వచ్చింది. మన కారు సంఖ్య 124379ఎన్ అని మొదలవుతుంది. 1 అంటే షెవ్రొలే. 24 అంటే ఎనిమిది సిలిండర్ల కమారో. 37 అంటే రెండు తలుపుల బండి. 9 అంటే 1969. ఎన్ అంటే ఒహాయో రాష్ట్రంలోని నార్‌వుడ్ కర్మాగారం. 1987లో మూతపడిన ఈ కర్మాగారం పేరు ఆ ఒక్క అక్షరంలో ఇంకా మిగిలి ఉంది! తరువాతి ఆరంకెలు వరుస సంఖ్య.

ఇంజను దిమ్మ ముందు భాగంలో చదునుగా ఒక చిన్న మెట్టు ఉంటుంది. దాని మీద "వి0325డిజెడ్" అని ముద్ర కొట్టి ఉందనుకోండి. వి అంటే ఫ్లింట్ పట్టణంలోని ఇంజన్ల కర్మాగారం, 0325 అంటే మార్చి 25న బిగించినది, డిజెడ్ అంటే జెడ్-28 ఇంజను. దాని దగ్గరే కారు వరుస సంఖ్య కూడా కొట్టి ఉంటుంది. బానెట్ కింద, అద్దం దిగువ గోడకు రివెట్లతో బిగించిన రేకు మీద "04బి" అని ఉంటే, ఏప్రిల్ రెండవ వారంలో బాడీ తయారైందని అర్థం.

మార్చి 12న పోత, 25న బిగింపు, ఏప్రిల్‌లో కారు. వరుస సరిగ్గా ఉంది. మరి రేకు మీద "02సి" అని ఉండి, దిమ్మ మీద మార్చి తేదీ ఉంటే? ఫిబ్రవరి మూడవ వారంలో పుట్టిన కారులో మార్చిలో పోసిన ఇంజను ఎలా ఉంటుంది? ఆ ఇంజను తరువాత ఎప్పుడో వచ్చి చేరినదే. కార్బురేటరు, ఆల్టర్నేటరు, ఇరుసు పెట్టె, చివరికి కిటికీ అద్దాలు కూడా ఇలాగే తమ తేదీలు చెబుతాయి. అన్నింటినీ పక్కపక్కన రాసుకుని చూడటమే మొదటి పని.

ఇంత పట్టుదల ఎందుకంటారా? 13 గుర్తుల ఆ సంఖ్యలో ఎనిమిది సిలిండర్ల కమారో అని మాత్రమే ఉంటుంది. జెడ్-28 అని ఉండదు! మామూలు కమారోకు చారలు వేసి, పేరు పలక అంటించి, జెడ్-28 అని అమ్మేవారు బయలుదేరారు. అసలుకూ నకిలీకీ ధరలో వేల డాలర్ల తేడా. కొన్నవాడు మోసపోవడం ఒకటైతే, చరిత్రలోకి ఒక అబద్ధం చేరడం మరొకటి. నా దృష్టిలో రెండవదే ఎక్కువ నష్టం. పోయిన డబ్బు ఎవరైనా మళ్ళీ సంపాదించుకోవచ్చు.

నకిలీ ముద్రలను పట్టుకునే పద్ధతి చూడండి. ఇంజను దిమ్మ పైతలాన్ని కర్మాగారంలో బ్రోచి అనే పొడవాటి పళ్ళ పనిముట్టుతో ఒక్క ఊపున చెక్కుతారు. దానివల్ల ఆ మెట్టు మీద వెంట్రుకల్లాంటి సమాంతర రేఖలు ఈ చివర నుంచి ఆ చివరకు ఏర్పడతాయి. అంకెల ముద్ర ఆ రేఖల మీద పడుతుంది. ఎవరైనా పాత అంకెలను అరగదీస్తే రేఖలూ పోతాయి. సానరాయి వేసే గీతలు వంకరగా, చుట్లుచుట్లుగా ఉంటాయి. భూతద్దం ఉంటే చాలు, దొంగ దొరికిపోతాడు.

ఉక్కు మీద నేరపరిశోధకులు మరో అడుగు ముందుకు వేస్తారు. అంకెను సుత్తితో కొట్టినప్పుడు గుంట మాత్రమే పడదు, దాని అడుగున ఉన్న లోహపు స్ఫటికాలు కూడా నలిగి బిగుసుకుంటాయి. పైపొరను అరగదీసినా ఆ నలుగుడు కింద మిగిలే ఉంటుంది. తలాన్ని నునుపు చేసి తగిన ఆమ్ల ద్రావణం పూస్తే, నలిగిన చోటునూ నలగని చోటునూ అది ఒకేలా తినదు. దాంతో చెరిపిన అంకె నీడలాగా పైకి తేలుతుంది.

విచారకరమైన సంగతి ఏమంటే, అన్ని ముద్రలనూ దొంగలే చెరపలేదు. ఇంజను బాగుచేసే వర్క్‌షాపులో, దిమ్మ పైభాగం చదును చేద్దామని మిల్లింగు యంత్రం మీద పెట్టిన మంచి పనివాడు కూడా ఒక్క నిమిషంలో ఆ మెట్టును నున్నగా చేసేయగలడు. ఆ తరువాత ఆ ఇంజను ఏ కారుదో చెప్పేందుకు పోత తేదీ ఒక్కటే మిగులుతుంది.

ఇక తుప్పు. అమెరికా ఉత్తర రాష్ట్రాలలో చలికాలంలో రోడ్ల మీది మంచు కరగడానికి ఉప్పు చల్లుతారు. ఇనుము, నీరు, ఆక్సిజన్ ఉంటే తుప్పు పుడుతుంది. ఉప్పు కరిగిన నీటిలో విద్యుత్తు సులువుగా ప్రవహిస్తుంది కనుక, రేకు మీద లెక్కలేనన్ని చిన్నచిన్న బ్యాటరీ ఘటాలు ఏర్పడి తుప్పు వేగం పెరుగుతుంది. పైగా తుప్పు తాను తిన్న ఇనుముకంటే ఎన్నో రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. రెండు రేకులు కలిసే అతుకులు ఉబ్బి విచ్చుకునేది అందుకే. ఎడారి రాష్ట్రమైన ఆరిజోనాలో కార్ల రేకు చెక్కుచెదరదు కాని, ఎండకు సీట్లు చిట్లిపోతాయి. ఏ ఊరి కారుకు ఆ ఊరి జబ్బు!

చిల్లులు పడిన రేకును కోసి కొత్త రేకు అతకవలసిందే. పైపైన తుప్పు పట్టిన చిన్న భాగాలను మాత్రం విద్యుత్తుతో శుభ్రం చేయవచ్చు. తొట్టెలో చాకలి సోడా కలిపిన నీరు పోసి, తుప్పు పట్టిన భాగాన్ని బ్యాటరీ చార్జరు ఋణధ్రువానికీ, ఒక పనికిరాని ఇనుప ముక్కను ధనధ్రువానికీ కలుపుతారు. భాగం మీద హైడ్రోజన్ బుడగలు పుట్టి తుప్పును వదులు చేస్తాయి. కొంత తుప్పు క్షయకరణం చెంది నల్లగా మారుతుంది. అడుగున ఉన్న మంచి ఇనుము అరగదు. అందుకే పోత గుర్తులు, ముద్రలు ఉన్న భాగాలకు ఇది ఇసుక కొట్టడం కంటే మేలు. హైడ్రోజన్ మండే వాయువు కనుక గాలి ఆడే చోటే చేయాలి. ధనధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు పెట్టకూడదు. అందులోని క్రోమియం విషపూరితమైన సమ్మేళనాలుగా నీటిలో కలుస్తుంది. మీరు చేయదలిస్తే సైన్సు మాస్టారు పక్కన ఉండాలి.

శుభ్రం చేసిన భాగాలన్నింటికీ తళతళలాడే రంగు వేస్తే సరిపోతుందా? అక్కడే చాలామంది పప్పులో కాలేస్తారు. కర్మాగారంలో కొన్ని బోల్టులకు ఫాస్ఫేటు పూత ఉండేది. వేడి ఫాస్ఫేటు ద్రావణంలో ముంచితే ఇనుము మీద సన్నటి స్ఫటికాల పొర ఏర్పడి, నూనెను పట్టి ఉంచుతుంది. అది బొగ్గులాగా మసకగా ఉంటుంది, మెరవదు. కొన్ని భాగాలకు రంగే ఉండేది కాదు, వట్టి ఇనుము. వాటి మీద తనిఖీదారు రంగుపూసతో గీసిన గీతలు ఉండేవి. బాగుచేసేవారు ఆ గీతలను కూడా అదే రంగులో, అదే చోట, అంతే నిర్లక్ష్యంగా గీస్తారు!

బాడీ రంగు మరీ చిత్రం. ఆ రోజుల్లో జనరల్ మోటార్స్ అక్రిలిక్ లక్క వాడేది. దానిలోని ద్రావకం ఆవిరై రంగు ఆరుతుంది, కనుక మళ్ళీ ద్రావకం తగిలితే కరుగుతుంది. ఎనామిల్ రంగు అలా కాదు, ఆరేటప్పుడు దాని అణువులు ఒకదానితో ఒకటి రసాయనికంగా ముడిపడతాయి. మరుగైన చోట ద్రావకం అద్దిన గుడ్డతో రుద్దినప్పుడు రంగు గుడ్డకు అంటుకుంటే అది లక్క. నేటి రంగుల మీద పారదర్శకమైన పైపూత వేస్తారు. కారు అద్దంలా మెరుస్తుంది. 1969 కారు అంతలా మెరవలేదు. దాని మీద నారింజ తొక్కలాంటి సన్నటి గరుకుదనం, డిక్కీ మూలల్లో పల్చబడిన రంగు, అతుకుల్లో కారిన లప్పం ఉండేవి. అమెరికాలో 1974లో ఏర్పడిన కార్వెట్ కార్ల పునరుద్ధరణ సంఘం వారి తనిఖీలో, కర్మాగారం చేసినదానికంటే బాగా చేసినా మార్కులు పోతాయి. దస్తూరి మరీ అందంగా ఉందని మార్కులు తగ్గించే మాస్టారిని మీరెక్కడైనా చూశారా?

అన్నీ అప్పటిలాగే చేయాలా అంటే, కొన్ని చేయకూడదు. ఆనాటి బ్రేకు లైనింగులలో ఆస్‌బెస్టాస్ ఉండేది. దాని పొడి ఊపిరితిత్తులకు ప్రాణాంతకం. ఇప్పుడు అది లేనివే వేస్తారు. ఎంత ఛాందసుడైనా ఇక్కడ పట్టుబట్టకూడదు. పెట్రోలు సంగతీ అంతే. ఈ ఇంజను గాలి, పెట్రోలు మిశ్రమాన్ని పదకొండో వంతుకు నొక్కుతుంది. అంత ఒత్తిడికి మిశ్రమం వేళకాని వేళ పేలకుండా పెట్రోలులో టెట్రాఇథైల్ లెడ్ కలిపేవారు. 1921లో జనరల్ మోటార్స్ ప్రయోగశాలలో థామస్ మిడ్‌గ్లీ కనిపెట్టిన కిటుకు అది. ఆ సీసం కవాటాల పీటల మీద మెత్తలాగా పేరుకుని అవి అరగకుండానూ కాపాడేది. కాని పొగలో వెళ్ళిన సీసం పిల్లల మెదడుకు హాని చేసింది. అమెరికాలో రోడ్డు వాహనాలకు 1996 నుంచి నిషేధించారు. చివరిగా అల్జీరియాలో 2021లో అమ్మకం ఆగింది. అందుకని ఇప్పుడు కవాటాల కింద గట్టి ఉక్కు పీటలు పొదుగుతారు. బయటికి కనబడవు కనుక, పరీక్షకులకు అభ్యంతరం ఉండదు.

సీట్ల గుడ్డ, పాత రకం టైర్లు వంటివి నేడు కొత్తగా తయారై దొరుకుతున్నాయి. దొరకనిది ఒక్కటే, ఎవరూ ముట్టుకోని పాత కారు. అటువంటిది కనబడితే నిపుణులు దానిని విప్పరు. ఫొటోలు తీస్తారు, కొలతలు రాసుకుంటారు, రంగు పొర మందం చూస్తారు. సీటు స్ప్రింగుల మధ్య వెతుకుతారు. కర్మాగారంలో కారుకు ఏమేమి బిగించాలో రాసిన కాగితం కొన్నిసార్లు అక్కడే దొరుకుతుంది. ఆ కాగితం మీద ఆ కారు సంఖ్య ఉంటే ఇక వాదనే లేదు.

రంగు మందం కొలవడానికి ఖరీదైన పరికరాలున్నా, మొదట వాడేది అయస్కాంతమే. చిన్న అయస్కాంతాన్ని మెత్తటి గుడ్డలో చుట్టి ఉక్కు బాడీ మీద అక్కడక్కడా ఆనించి చూడండి. రంగు పల్చగా ఉన్నచోట గట్టిగా అంటుకుంటుంది. సొట్ట మీద లప్పం పూసి రంగు వేసిన చోట పట్టు సడలుతుంది, లప్పం మరీ మందంగా ఉంటే జారిపోతుంది. పాత బండి దొరికితే, యజమానిని అడిగి, తలుపు అడుగు అంచు నుంచి మొదలుపెట్టండి.