అద్దం పగిలితే... ఇనుమే దిక్కు!

లేజర్లు, ఎర్రచుక్కలు, చీకట్లో చూసే యంత్రాలు... సైనికుడి తుపాకీ మీద ఇప్పుడు లేనిదంటూ లేదు. అయినా దాని మీద ఒదిగి ఉండే ఓ చిన్న ఇనుప ముక్కను తీసేస్తామంటే మాత్రం చాలామంది సిపాయిలు ఒప్పుకోరు. ఎందుకని?

2004. ఇరాక్‌లోని ఫలూజా. మాటువేసిన స్నైపర్ పేల్చిన తూటా ఒకటి దూసుకొచ్చి అమెరికా మెరైన్ సార్జెంట్ టాడ్ బవర్స్ తుపాకీ మీదున్న స్కోపులో దిగింది. తునకలు అతని ముఖంలో ఎడమవైపు గుచ్చుకున్నాయి. ప్రాణం మాత్రం దక్కింది. ఆ స్కోపు సైన్యం ఇచ్చింది కాదు. యుద్ధానికి వెళుతున్న కొడుక్కి తండ్రి 600 డాలర్లు పెట్టి కొనిచ్చింది! ఈ సంగతిని బవర్సే తర్వాత అమెరికా చట్టసభ సభ్యుల ముందు చెప్పాడు.

తండ్రి కానుక కొడుకు ప్రాణం నిలిపిందని అందరూ చెప్పుకునే కథ ఇది. తుపాకీ పట్టినవాళ్లకు మాత్రం ఇందులో ఇంకో ప్రశ్న కనిపిస్తుంది. స్కోపు పోయింది, యుద్ధం ఆగలేదు. మరి తర్వాతి తూటాకు గురి ఎలా చూడాలి?

జాతరలో చూసిందే!

జవాబు మనలో చాలామంది చేత్తో పట్టుకున్నదే. జాతరలో బెలూన్లు పేల్చే తుపాకీని గుర్తుతెచ్చుకోండి. గొట్టం కొసన మేకులాంటి చిన్న ముక్క. కంటి దగ్గర ఓ గంటు. గంటు మధ్యలో మేకు కొస, దాని మీద బెలూను... మూడూ ఒకే వరసలోకి వస్తే గురి కుదిరినట్టే. ఎన్‌సీసీలో చేరినవాళ్లకు ఇవే 'ఫోర్‌సైట్', 'బ్యాక్‌సైట్'గా పరిచయం. రెండూ కలిపితే ఐరన్ సైట్లు. కొన్నిటికి గంటు బదులు గుండ్రటి రంధ్రం ఉంటుంది. అద్దం లేదు, బ్యాటరీ లేదు. వాన పడితే తుడుచుకోవడం, బురద పడితే ఊదుకోవడం, అంతే.

అంత సులువైతే మరి స్కోపు ఎందుకు? ఇక్కడే ఉంది చిక్కు. కంటి దగ్గరి రంధ్రం, అడుగున్నర దూరంలో మేకు, మూడొందల మీటర్ల అవతల శత్రువు... ఈ మూడింటినీ కన్ను ఒకేసారి స్పష్టంగా చూడలేదు. అందుకే మేకు కొసను మాత్రమే స్పష్టంగా చూడమని, లక్ష్యం కాస్త మసకబారినా పట్టించుకోవద్దని ఉస్తాదులు నేర్పుతారు. మనల్ని చంపడానికి వస్తున్నవాణ్ని వదిలేసి ఇనుప ముక్కను చూడాలన్నమాట! చెప్పినంత తేలిక కాదది.

పైగా లెక్క కూడా కఠినమే. అమెరికా ఎం16 రైఫిల్‌లో ముందు సైటుకూ వెనక సైటుకూ మధ్య దూరం దాదాపు 500 మిల్లీమీటర్లు. వరసలో ఒక్క మిల్లీమీటరు తేడా వచ్చిందనుకోండి, 300 మీటర్ల దగ్గర తూటా 60 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. పొట్టి గొట్టం ఉండే ఎం4లో ఆ దూరం 370 మిల్లీమీటర్లే. అదే తప్పుకు అక్కడ 80 సెంటీమీటర్ల పైనే మూల్యం. మనిషి భుజాల వెడల్పు కూడా అంత ఉండదు.

మేకు లేని రైఫిల్

అందుకే సైన్యాలు అద్దాల వెంట పడ్డాయి. రెండో ప్రపంచయుద్ధంలో అమెరికా తన స్నైపర్ల కోసం ఎం1903ఏ4 అనే రైఫిల్ తయారుచేసింది. స్కోపు ఉందిగా, ఇంకా మేకు ఎందుకనుకున్నారో ఏమో, ఐరన్ సైట్లు పూర్తిగా ఎత్తేశారు. ఆ స్కోపేమో వేటగాళ్లు వాడే రకం. తడికి తట్టుకునేది కాదు. లోపల ఆవిరి పట్టిందా, దెబ్బ తగిలిందా... స్నైపర్ చేతిలో ఉన్నది ఖరీదైన కర్రే. తర్వాత వచ్చిన గారండ్ స్నైపర్ రైఫిల్‌కు స్కోపును కాస్త ఎడమపక్కకు జరిపి బిగించారు. అసలు కారణం తూటాల క్లిప్పు పైనుంచి పెట్టాల్సి రావడం. దాంతోపాటు ఐరన్ సైట్లకూ దారి దొరికింది. సోవియట్ సైన్యం తన మోసిన్ రైఫిల్ మీద స్కోపును ఎత్తుగా బిగించి, కింది నుంచి ఇనుప సైటు కనిపించేలా చూసుకుంది.

అసలు స్కోపే వద్దన్న మొనగాడూ ఒకడున్నాడు. ఫిన్లండ్ రైతు సిమో హైహా. 1939 నవంబరు 30న సోవియట్ సైన్యం వాళ్ల దేశం మీదికొచ్చింది. గడ్డకట్టే చలిలో, వంద రోజుల లోపే 500 మందికి పైగా శత్రువుల్ని కొట్టాడని అతనికి పేరు. అదీ ఐరన్ సైట్లతో! స్కోపులోంచి చూడాలంటే తల కాస్త ఎక్కువ ఎత్తాలి. ఎండకు దాని అద్దం తళుక్కుమంటే ఆచూకీ తెలిసిపోతుంది. చలికి మంచు పడుతుంది. ఊపిరి ఆవిరి బయటికి కనిపించకుండా నోట్లో మంచు పెట్టుకునే మనిషికి అద్దం మీద నమ్మకం ఎలా ఉంటుంది?

ఎర్రచుక్క వచ్చింది

అయితే హైహా లాంటివాళ్లు ఊరికొకరు ఉండరు. మామూలు సిపాయికి కొన్ని వారాల్లో గురి నేర్పాలంటే ఎర్రచుక్క సైటును మించింది లేదు. చిన్న గొట్టంలో అద్దం, దాని మీద కాంతి చుక్క. లక్ష్యం మీద చుక్క పెట్టి ట్రిగ్గర్ నొక్కడమే. రెండు కళ్లూ తెరిచి చూడొచ్చు. 1997లో అమెరికా సైన్యం స్వీడన్ కంపెనీ ఎయిమ్‌పాయింట్ నుంచి లక్ష సైట్లకు ఆర్డరిచ్చింది. అఫ్గానిస్థాన్, ఇరాక్ యుద్ధాల నాటికి ఎం4 మీద చుక్క లేని సిపాయి కనిపించడం అరుదైపోయింది.

ఎం4 మీద గతంలో బ్యాక్‌సైటు ఉండే పిడి తీసేసి, అక్కడ ఎర్రచుక్క బిగించారు. మరి బ్యాక్‌సైటో? మడిచిపెట్టుకునే చిన్నది ఒకటి వెనకాల తగిలించారు. వేలితో ఎత్తితే లేస్తుంది, 600 మీటర్ల దాకా సర్దుకోవచ్చు. ముందు మేకు మాత్రం ఎప్పటిలా గొట్టం మీదే. బ్యాకప్ ఐరన్ సైట్ అంటే ఇదే. అంటే స్టెపినీ టైరులాంటిదన్నమాట.

స్టెపినీతో వచ్చే తంటా కారున్నవాళ్లందరికీ తెలుసు. అవసరమై బయటికి తీస్తే అందులో గాలి ఉండదు! ఇక్కడా అంతే. ఎర్రచుక్కను శ్రద్ధగా సరిచేసుకుని, మడత సైటును పెట్టెలోంచి వచ్చినట్టే వదిలేసే సిపాయిలకు కొదవలేదు. తుపాకీకీ గురికీ పొత్తు కుదర్చడాన్ని 'జీరోయింగ్' అంటారు. అది చేయని బ్యాకప్ సైటు తుపాకీకి అలంకారమే తప్ప ఆధారం కాదు.

యుద్ధభూమిలో అద్దం పనిచేయకపోవడానికి తూటాయే తగలక్కర్లేదు. ఎడారి దుమ్ము చాలు. బోర్లా పడుకుని పాకేటప్పుడు అంటే బురద చాలు. ఏసీ బండిలోంచి వేడిలోకి దిగితే అద్దం చెమర్చినా చాలు. ఇక బ్యాటరీ సంగతి. ఎయిమ్‌పాయింట్ పాత మోడల్‌కు ఒక బ్యాటరీతో పదివేల గంటలు, తర్వాతి మోడల్‌కు ఎనభైవేల గంటలు వస్తాయని కంపెనీ లెక్క. కానీ స్విచ్ ఆపడం మరచిపోవడం, బ్యాటరీ మార్చిన తేదీ గుర్తులేకపోవడం ఏ కంపెనీ లెక్కలోనూ ఉండవు.

చుక్క జరిగింది... ఎవరికీ చెప్పలేదు

చుక్క ఆరిపోతే ఒకందుకు నయమే. కనబడుతుంది కాబట్టి వేరే దారి చూసుకోవచ్చు. వెలుగుతూనే తప్పు చోట నిలబడితే? అదీ జరిగింది. అమెరికా ప్రత్యేక దళాలు ఎంతో ఇష్టంగా వాడిన ఈఓటెక్ హోలోగ్రాఫిక్ సైట్లు మైనస్ 40 నుంచి 140 డిగ్రీల ఫారన్‌హీట్ దాకా ఢోకా లేకుండా పనిచేస్తాయని కంపెనీ చెప్పుకుంది. నిజానికి చలిలోనూ, బాగా తేమ ఉన్నచోటా అవి చెప్పినట్టు పనిచేయవనీ, వేడీ చలీ మారితే గురి పక్కకు జరుగుతుందనీ తేలింది. చలి సంగతి కంపెనీకి 2006 నుంచే తెలుసని అమెరికా ప్రభుత్వం ఆరోపించింది. 2015 నవంబరులో మాతృసంస్థ ఎల్-3 రెండు కోట్ల 56 లక్షల డాలర్లు కట్టి కేసు రాజీ చేసుకుంది. కొండల్లో చలికి వణుకుతూ ఆ చుక్కను నమ్ముకున్నవాళ్ల సంగతి ఆ మొత్తంలో ఎక్కడా కనిపించదు.

ఇలాంటిచోటే మడత సైటు ఇంకో పని చేస్తుంది. దాన్ని ఎత్తి రంధ్రంలోంచి చూస్తే మేకు కొస మీద ఎర్రచుక్క వచ్చి కూర్చోవాలి. రెండూ ముందే జీరో చేసి ఉంటే, చుక్క పక్కకు జరిగిందంటే ఏదో ఒకటి కదిలిందని లెక్క. ఒక్క తూటా ఖర్చు లేకుండా తేలిపోయే పరీక్ష. రెండు క్షణాల పని. బండిలోంచి దూకినప్పుడు తుపాకీ తలుపుకు తగిలిందనుకోండి, మొదట చేయాల్సిందిదే.

బొమ్మను పెద్దది చేసి చూపే స్కోపులతో ఈ వెసులుబాటు ఉండదు. మెరైన్లు వాడిన ఏకాగ్ స్కోపు దూరాన్ని నాలుగింతలు దగ్గర చేస్తుంది, బ్యాటరీ కూడా అక్కర్లేదు. కానీ అందులోంచి చూస్తే ముందు మేకు మసకై మాయమవుతుంది. ఇక స్కోపునే ఊడదీయాలి. ఎదుటివాడు కాలుస్తుంటే మరలు విప్పుకుంటూ కూర్చునేదెవరు? అందుకే కొందరు తుపాకీకి 45 డిగ్రీల పక్కగా ఐరన్ సైట్లు పెట్టుకుంటారు. మణికట్టు కాస్త తిప్పితే చాలు. బ్రిటన్ వాళ్లు తమ ఎస్ఏ80 రైఫిల్‌కు బిగించిన సుసాట్ స్కోపు నెత్తినే బుల్లి ఇనుప సైట్లు పెట్టారు. ఆస్ట్రియా ఆగ్ రైఫిల్‌దీ అదే పద్ధతి. ఉపాయం బాగుంది గానీ, అంత ఎత్తున చూడాలంటే చెంప తుపాకీకి ఆనదు. మెడ చాచి కాల్చాల్సిందే. దగ్గరి శత్రువుకైతే సరే. దూరానికి నమ్మకం తక్కువ.

మన దగ్గర

మన సైన్యంలో ఐరన్ సైటు చాలాకాలం బ్యాకప్ కాదు, అసలుదే. 1999 కార్గిల్ యుద్ధంలో ఇన్సాస్ పట్టుకుని కొండలెక్కిన జవాన్లు ఎక్కువగా నమ్ముకున్నది ఫోర్‌సైట్ కొసనే. మన స్నైపర్లు దశాబ్దాలుగా వాడిన రష్యన్ డ్రాగునోవ్‌కు స్కోపుతోపాటు 1200 మీటర్ల దాకా గుర్తులున్న ఐరన్ సైట్లూ ఉంటాయి. స్కోపు కోసం అమర్చిన చెంపదిండు తీసేస్తే కన్ను సరిగ్గా ఇనుప సైటు ఎత్తుకు దిగుతుంది. 1963లో ఆ తుపాకీకి ఆమోదం తెలిపిన సోవియట్ వాళ్లు అద్దం పగిలే రోజును కూడా లెక్కలో వేసుకున్నారన్నమాట. అలాగని అద్దాన్ని తక్కువ చేయడానికి లేదు. అమావాస్య రాత్రి మేకు కనిపించదు. ఆ లోటు తీర్చే నైట్‌విజన్ పరికరాలు తయారుచేస్తున్నవాటిలో మన మచిలీపట్నం భెల్... కాదు, పొరబడేరు, భారత్ ఎలక్ట్రానిక్స్ కర్మాగారమూ ఉంది.

అమెరికా 2022లో ఎంపికచేసిన కొత్త రైఫిల్ మీదుండే స్కోపు ఇంకో మెట్టు పైకెక్కింది. లేజర్‌తో దూరం కొలుస్తుంది, గాలి పీడనం, ఉష్ణోగ్రత చూసుకుని తూటా ఎంత కిందికి జారుతుందో లెక్కగట్టి చెబుతుంది. అంత తెలివైన యంత్రంలోనూ ఓ పాతకాలపు జాగ్రత్త ఉంది. బ్యాటరీ చచ్చిపోయినా కనిపించేలా గురి గీతల్ని అద్దం మీదే చెక్కారు. అద్దమే పగిలితే మాత్రం ఆ గీతలూ దాంతోపాటే.

మడత సైటు వాడకంలో సిపాయిల మధ్య ఒక తగవు ఎప్పటికీ తేలదు. ఎప్పుడూ లేపే ఉంచాలా, అవసరమైనప్పుడే లేపాలా? లేపి ఉంచితే చూపుకు అడ్డమంటారు కొందరు. మడిచిపెడితే అసలు సమయానికి వేలు తడబడుతుందంటారు ఇంకొందరు. ఒక్క విషయంలో మాత్రం తేడా లేదు. 25 మీటర్ల దూరంలో కాగితం తగిలించి, మూడేసి తూటాలు కాల్చి, గుంపు మధ్యలోకి వచ్చేదాకా మేకును తూటా కొసతోనే కొద్దికొద్దిగా తిప్పుకుంటారు. కుదిరాక మర మీద పెయింటుతో సన్నటి గీత గీస్తారు. గీత కలిసే ఉందా, విడిపోయిందా... బయల్దేరే ముందు ఒకసారి చూసుకుంటారు.