తప్పులే దారి చూపును

పదవ తరగతి ముగించినవారు పాలిటెక్నిక్ కళాశాలలలో చేరుటకు పాలిసెట్ అను ప్రవేశపరీక్ష వ్రాయుదురు. తణుకులోను అట్టి కళాశాల కలదు. గణిత, భౌతిక, రసాయనశాస్త్రములలో 120 ప్రశ్నలకు 2 గంటల వ్యవధి. అనగా ప్రశ్నకొక నిమిషము.

మాదిరి పరీక్షలో 45 మార్కులే వచ్చిన బాలుడు దిగులుపడి, రాత్రులు మేల్కొని, పుస్తకములన్నియు మొదటినుండి చదువ నారంభించును. వచ్చిన పాఠమే మరల వచ్చును. రానిది రాకయే యుండును. అతడు ముందుగా తన తప్పులను మూడు తెగలుగా విడదీయవలెను: పాఠము తెలియక పోయినవి, తొందరలో లెక్క తప్పినవి, వేళ చాలక విడిచినవి. మొదటివానికి పాఠమును మరల నేర్చుట, రెండవవానికి ప్రతి మెట్టును వ్రాసి సరిచూచుట, మూడవవానికి గడియారము ఎదుట నుంచుకొని సాధన చేయుట మందు. తప్పు జవాబునకు మార్కులు తగ్గింపరు గనుక ఏ ప్రశ్నను విడువరాదు. వారము గడచిన పిదప మరియొక పరీక్ష వ్రాసి, ఏ తెగ తగ్గినదో చూచి, ప్రణాళికను మార్చుకొనవలెను.

తణుకునకు సమీపమున నున్న భీమవరములో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు మెట్రిక్యులేషనులో మూడవ పర్యాయముగాని ఉత్తీర్ణులు కాలేదు. వారే పిమ్మట అమెరికాలో గొప్ప ఔషధ పరిశోధకులైరి.

మార్కుల కాగితమును దాచువాడు తన తప్పులను గూడ దాచుకొనును. విప్పి చూచువాడు వానిని దిద్దుకొనును.