బిడ్డల వేషపుటాట – పెద్దల భయము

పాచికలు కంటఁబడినంతనే మన పెద్దలకు ధర్మరాజు స్ఫురించును. శకునియు, నిండుకొలువును, అరణ్యవాసమును వెంటనే మనసున మెదలును. కావున పాచికల చప్పుడు విని యింటి నాయనమ్మ కసరుకొనుటలో వింత లేదు. అమెరికా దేశమునందు 1980 ప్రాంతమున తల్లిదండ్రులకుఁ బాచికలను జూచి కలిగిన భయము వేఱు. అది జూదమును గూర్చిన భయము కాదు. బిడ్డ సైతాను చేతఁ జిక్కుననియో, మతి చలించి ప్రాణము దీసికొనుననియో వారు భయపడిరి. ఆ భయపు నీడలోఁ బెరిగినవారు నేఁడు ఏఁబదియేండ్లు దాఁటిన గృహస్థులు. మన తెలుఁగు బిడ్డలును నేఁ డమెరికాలోను, హైదరాబాదులోను ఆ యాట నాడుచున్నారు గనుక, ఆ కథను సోదరీమణుల కెఱిఁగింపఁదలఁచితిమి.

ఆట పేరు డంజన్స్ అండ్ డ్రాగన్స్. నేలమాళిగలు, ఘటసర్పములు అని మన మాటలలోఁ జెప్పవచ్చును. గేరీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను నిరువురు దీనిని గల్పించిరి. 1974లో విస్కాన్సిన్ రాష్ట్రమందలి లేక్ జెనీవా అను చిన్న పట్టణమునుండి యిది వెలువడెను. గైగాక్సు తొలుత భీమాసంస్థలో నుద్యోగి. ఆ కొలువు పోయిన పిదప చెప్పులు బాగుచేసి సంసారము గడుపుకొనెను. మొదట 1000 ప్రతులు మాత్రమే అచ్చువేసిరి.

బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. ఒకరు సూత్రధారులు. "మీరు గుహ ముంగిట నిలిచితిరి. లోపల నేదో మూలుగుచున్నది. ఏమి చేయుదురు?" అని సూత్రధారు లడుగుదురు. తక్కినవారిలో నొకతె వీరవనిత, ఒకఁడు మాంత్రికుఁడు, ఒకఁడు దొంగ. తన పాత్ర యేమి చేయునో యెవరికివారు నోటితోఁ జెప్పవలయును. ఆ పని ఫలించునో లేదో పాచిక తేల్చును. నాలుగు ముఖముల పాచిక మొదలు ఇరువది ముఖముల పాచిక వఱకుఁ గలవు. ప్రతి పాత్రకును బలము, బుద్ధి, వివేకము, చుఱుకుదనము, దార్ఢ్యము, ఆకర్షణ యని ఆఱు గుణములకు అంకెలుండును. పందెము లేదు. ఒకరు గెలిచి యొకరు ఓడుటయు లేదు. కథ సాగుటయే ఫలము. మన వీథులలోఁ బగటివేషగాఁడు ఒకనాఁడు శక్తియై, మఱునాఁడు సోమయాజియై వచ్చును గదా! వేషము దీసిన పిదప నాతఁడు సోమయాజి కాఁడని చంటిబిడ్డకును దెలియును. బల్లకడఁ గూర్చున్న పిల్లలకును ఆ సంగతి దెలియును. దెలియనిది వారి పెద్దలకే.

భయమున కంకురము పడినది 1979 ఆగస్టులో. మిషిగన్ స్టేట్ విశ్వవిద్యాలయమునఁ జదువుచుండిన పదునాఱేండ్ల బాలుఁ డొకఁడు కనఁబడకపోయెను. వానిని వెదకుటకు వచ్చిన విలియం డియర్ అను గూఢచారి, ఈ యాట నాడుచు బాలుఁడు విశ్వవిద్యాలయము క్రిందనున్న ఆవిరిగొట్టముల సొరంగములలోఁ జిక్కుకొని యుండవచ్చునని యూహించెను. పత్రికలు ఆ యూహను నిజమువలెఁ బ్రకటించినవి. బాలుఁ డొక నెలకు లూసియానాలో దొరికెను. మఱుసటి యేఁట ప్రాణము దీసికొనెను. డియర్ 1984లోఁ దన పుస్తకమున నసలు సంగతి వెల్లడించెను. ఆటకును బాలుఁడు కనఁబడకపోవుటకును సంబంధము లేదు. వయసుకు మించిన చదువు, దానివలని యొంటరితనము, కుంగిన మనసు, చదువు విషయమునఁ బెద్దల యొత్తిడి, ఇవియే వానిని దఱిమినవి. ఈ భాగము చదువునపుడు మాకుఁ గన్ను చెమర్చెను. మార్కులు తెలియవచ్చు మాసమున ఉపాధ్యాయుల యిండ్ల వాకిళ్లకు వచ్చు తండ్రుల ముఖములును, వారి వెనుకఁ దలవంచుకొని నిలుచు బిడ్డల ముఖములును మే మెఱుఁగుదుము. కాని ఆ పుస్తకము వచ్చునాఁటికి దేశమంతయు మొదటి యూహనే నమ్మి కూర్చుండెను. దానిని బోలిన కథతో రోనా జాఫీ 1981లో నొక నవల వ్రాసెను. మఱుసటి యేఁట నది టెలివిజనుకెక్కెను. అందు నాయకుఁడు టామ్ హాంక్స్.

వర్జీనియా రాష్ట్రమునఁ బట్రీషియా పుల్లింగ్ అను తల్లికి 1982లోఁ బుత్రశోకము సంభవించెను. ఆమె కుమారుఁడును స్వయముగాఁ బ్రాణము విడిచినవాఁడే. వాఁడు బడిలో ఈ యాట నాడినందున నిదియే కారణమని యామె నమ్మెను. బడి ప్రధానోపాధ్యాయునిపై వ్యాజ్యము వేయఁగా నది కొట్టివేయఁబడెను. 1983లో ఆమె యొక సంఘము స్థాపించి యూరూరఁ బ్రచారము సాగించెను. ఆ తల్లిని నిందింపుటకు మాకు నోరు రాదు. కడుపుకోఁతకుఁ గారణము వెదకని తల్లి యెవరు? అయినను ఆమె మాటలను దర్కింపక వ్యాపింపఁజేసినవారి సంగతి వేఱు. 1984లో జాక్ చిక్ అచ్చువేసిన బొమ్మల కరపత్రమున ఆట నాడిన పిల్ల మంత్రగత్తె యగును. 1985లో సిక్స్‌టీ మినిట్స్ అను టెలివిజను కార్యక్రమము ఈ వివాదమును ఇంటింటికిఁ జేర్చెను.

ఇఁక పిల్లల సంగతి. కొందఱి పుస్తకములు నిప్పుపాలైనవి. మఱికొందఱు పరుపు క్రింద దాఁచుకొనిరి. స్నేహితుని యింట లెక్కలు నేర్చుకొందుమని చెప్పి పోయి యాడుకొనిరి. పాచికల చప్పుడు వినఁబడకుండ గుడ్డపై విసరుకొనిన పిల్లలుందురు. అబద్ధమాడుట వారికి ఆట నేర్పలేదు, నిషేధము నేర్పెను. తలుపు మూసికొని యాడు బిడ్డ దేనికి నవ్వునో తల్లికిఁ దెలియదు. దేనికి దిగులుపడునో అదియును దెలియదు. ఈ రెండవదే ఘోరము. కొందఱు భక్తులగు పెద్దలకు 1984లో నొక యుపాయము దొరికెను. డ్రాగన్‌రెయిడ్ అను వేఱొక యాటలో బిడ్డలు బైబిలు వాక్యములు కంఠస్థము చేసి వానితో శత్రువులను జయింపవలయును. శతకము అప్పగించినఁగాని ఉయ్యాల యెక్కనీయని తాతగారి పద్ధతి యిది!

మనకును చివుక్కుమనెడి సంగతి యొకటి కలదు. 1980లో ఈ యాటకై వెలువడిన డెయిటీస్ అండ్ డెమిగాడ్స్ అను గ్రంథమున గ్రీకు దేవతలతోఁబాటు మన యింద్రుఁడు, అగ్ని, లక్ష్మి మున్నగువారికిని బలమింత, దెబ్బలకోర్చు శక్తి యింత యని యంకెలు వేసినారు. లక్ష్మీదేవికి దెబ్బల లెక్క! పురాణములు చదివి పెరిగినవారికి రుచింపదు. అయినను ఆ గ్రంథమువలన ఇంద్రుని పేరు మొదటిసారి విన్న అమెరికా బాలకులు ఉందురనుటయు నిజమే. ఇట్టి చోట పుస్తకము లాగికొనుటకన్న నసలు కథ చెప్పుట మేలని మా యభిప్రాయము. చెప్పుటకు మనకుఁ గథ తెలిసి యుండవలయును, అది వేఱు మాట.

1989లో రెండవ కూర్పు వెలువడునపుడు ప్రకాశకులు దయ్యముల పేళ్లను దీసివేసి క్రొత్త పేళ్లు పెట్టిరి. 2000లో మూఁడవ కూర్పున పాత పేళ్లు మరల వచ్చినవి. మైకేల్ స్టాక్‌పోల్ 1990లోఁ బుల్లింగు వాదములను బరీక్షించి వాని డొల్లతనమును జూపెను. ఆట వలన నాత్మహత్యలు కలుగునని యెవరును నిరూపింపలేదు. 2010లో మాత్రము ఆట పుట్టిన విస్కాన్సిన్ రాష్ట్రమందే యొక చెఱసాలలో దీనిని నిషేధింపవచ్చునని న్యాయస్థానము తీర్పు చెప్పెను. 2024లో ఆటకు ఏఁబదియేండ్లు నిండఁగా అమెరికా తపాలాశాఖవారు పది విధముల బిళ్లలు వెలువరించిరి. స్ట్రేంజర్ థింగ్స్ అను ధారావాహికను చూచిన మన పిల్లలు ఆట పేరు మనకన్న ముందే యెఱుఁగుదురు.

తల్లులు విచారింపవలసినవి వేఱే కలవు. నేఁడు పలువురు బల్లకడఁ గాక కంప్యూటరు ముందు, ముఖ మెఱుఁగనివారితో ఆడుచున్నారు. సూత్రధారులెవరు, వారి వయసెంత, కథలో హింసయు శృంగారమును ఎంతవఱకు, రాత్రి యెన్ని గంటలవఱకు, ఇవి యడుగుటకుఁ దల్లికి హక్కు కలదు. మూలనియమములు 2014 నుండి యుచితముగనే దొరకుచున్నవి. ఇంగ్లీషు చదువఁగల తల్లి వంటయైన పిదప రెండు మధ్యాహ్నములలోఁ జదివి ముగింపవచ్చును. చదువ నోపికలేనివారు ఒక యాదివారము ఉప్మా పళ్లెములు బల్లమీఁద నుంచి ప్రక్కన కుర్చీ వేసికొని కూర్చుండిరేని, "అమ్మా! నీవును ఒక పాత్ర పుచ్చుకొందువా?" అని పిల్లలే యడుగుదురు.