పాత మోటర్‌హోమ్‌లో దీపం మార్చేముందు

అమెరికాలో కొత్త మోటర్‌హోమ్ ధర లక్ష డాలర్లు దాటడం మామూలే. అందుకే సెలవుల్లో పిల్లాపాపలతో ఎల్లోస్టోన్ లాంటి చోట్లకు వెళ్లొద్దామనుకునే కుటుంబాలు, అక్కడి మన తెలుగువాళ్లతో సహా, ఇరవై ఏళ్లు దాటిన బండి మీద కన్నేస్తాయి. ఇంజిన్ బాగానే ఉంటుంది. లోపల మాత్రం దీపాల మూతలు పసుపెక్కి, సొరుగులు వదులై, కుళాయి కారుతూ ఉంటుంది. హార్డ్‌వేర్ దుకాణానికి వెళ్లి అన్నీ కొత్తవి తెచ్చి బిగించేద్దామనిపిస్తుంది. కానీ ఆ దుకాణంలో సామాను కదలని ఇంటి కోసం చేసింది. పైగా పాత బండిలో అసలు జబ్బు పాడైన వస్తువులో కంటే దాని వెనక ఉండటమే ఎక్కువ.

ముందుగా వెతకాల్సింది నీటిని. పైకప్పు దీపం చుట్టూ గోధుమ రంగు మరక కనిపిస్తే దీపం సంగతి పక్కన పెట్టి, నిచ్చెన వేసుకుని బండి పైకెక్కాలి. చాలా పాత బండ్ల కప్పు మీద ఈపీడీఎమ్ అనే రబ్బరు పొర ఉంటుంది. గాలి కిటికీ, ఏసీ, యాంటెన్నాల కోసం దానికి కోసిన ప్రతి రంధ్రం చుట్టూ సీలెంట్ పూస్తారు. అది ఎండకు బీటలు వారుతుంది. చేతికి దొరికిన సిలికాన్ పూస్తే అది ఈ రబ్బరును సరిగ్గా పట్టదు, తర్వాత సరైన సీలెంట్ రాసినా అంటుకోనివ్వదు. రబ్బరు కప్పుల కోసమే చేసిన సీలెంట్ వాడాలి.

లోపలి గోడ సంగతి ఇంకా నాజూకు. సన్నటి చట్రం, మధ్యలో ఫోమ్, పైన 3 మిల్లీమీటర్ల ప్లైవుడ్, దాని మీద అచ్చు వేసిన కాగితమో వినైలో. కిటికీ కింద, మూలల్లో బొటనవేలితో నొక్కి చూడండి. మెత్తగా లోపలికి పోతే చెక్క కుళ్లినట్టే. అక్కడ కొత్త అలమర బిగిస్తే, పై నెల అది స్క్రూలతో సహా మంచం మీద పడుతుంది.

గోడ గట్టిగా ఉన్నా స్క్రూకు అన్నిచోట్లా పట్టు దొరకదు, చట్రం తగిలిన చోటే దొరుకుతుంది. రంధ్రం అరిగి స్క్రూ వట్టినే తిరుగుతుంటే ఇంకా లావు స్క్రూ దింపడం తాత్కాలికమే. జిగురులో ముంచిన చెక్క పుల్లలు రంధ్రంలో కూరి, ఆరాక మళ్లీ బిగిస్తే నిలుస్తుంది. బరువు మోసే చోట వెనక ఒక ప్లైవుడ్ పలకను జిగురుతో అతికించి, దానికి బిగించడం మేలు. పాత సొరుగులు కాస్త పైకెత్తి లాగితే గానీ రావు. అది తయారీ లోపం కాదు, మలుపుల్లో తెరుచుకోకుండా చేసిన ఏర్పాటు. వాటిని తీసి మెత్తగా జారే ఇంటి సొరుగులు పెట్టినవారికి మొదటి కొండ దారిలోనే ఆ విషయం తెలిసొస్తుంది, గరిటెలూ గిన్నెలూ నేల మీద ఏరుకుంటూ.

బండిలో రెండు రకాల కరెంటు ఉంటుంది. దీపాలు, నీటి పంపు బ్యాటరీ నుంచి 12 వోల్టుల మీద నడుస్తాయి. మైక్రోవేవ్, ఏసీ 120 వోల్టుల మీద. చిక్కేమిటంటే చాలా బండ్లలో రెండింటికీ నలుపు, తెలుపు తీగలే వాడారు. రంగును నమ్మొద్దు, కరెంటు ఆపేసి మీటరు పెట్టి చూడండి. పాత బల్బు ఒక్కొక్కటి సుమారు ఒకటిన్నర ఆంపియర్లు తాగుతుంది. ఆరు బల్బులు నాలుగు గంటలు వెలిగితే 36 ఆంపియర్-అవర్లు. 100 ఆంపియర్-అవర్ల లెడ్ బ్యాటరీలో పాడవకుండా వాడుకోగలిగింది సుమారు సగమే. అదే ఎల్ఈడీలతో ఆరేడు ఆంపియర్-అవర్లతో సరిపోతుంది. ఛార్జింగ్ వేళ వోల్టేజీ 14 దాటొచ్చు కనుక, 10 నుంచి 30 వోల్టులు తట్టుకుంటాయని రాసి ఉన్న బల్బులే కొనాలి. మొత్తం లోపలి పనిలో పెట్టిన డబ్బుకు ఇంత ఫలితమిచ్చేది నాకు మరొకటి కనబడదు.

కుళాయి మార్చడం తేలిక. రంధ్రాల మధ్య దూరం 4 అంగుళాలైతే ఇంటి కుళాయి కూడా చాలాసార్లు కుదురుతుంది. అయితే సింకు కింద బూడిద రంగు పైపు కనిపిస్తే ఆగండి. అది పాలీబ్యూటిలీన్ కావచ్చు. 1978 నుంచి 1995 వరకు అమెరికా ఇళ్లలోనూ బండ్లలోనూ విరివిగా వేశారు. నీటిలోని క్లోరిన్‌కు పెళుసెక్కి, అతుకుల దగ్గర చిట్లుతుంది. కొత్త కుళాయి బిగించే ఊపుకే పగలొచ్చు. ఆ పైపును పెక్స్ పైపుతో మార్చాకే కుళాయి జోలికి వెళ్లాలి. మరుగుదొడ్డి వాసనకూ తరచుగా చిన్న కారణమే. ఇంట్లోలా దానికి నీరు నిలిచే వంపు గొట్టం ఉండదు. గిన్నె అడుగున కాస్త నీటిని పట్టి ఉంచే రబ్బరు సీలే వాసనను ఆపేది. నీరు నిలవకపోతే సీలు మార్చండి, మరుగుదొడ్డిని కాదు.

గ్యాసు పైపులు, పొయ్యి కనెక్షన్లు మాత్రం నేర్చినవారికే వదిలేయాలి. మీరు చూడాల్సింది నేలకు దగ్గర్లో ఉండే గ్యాసు అలారం. ప్రొపేన్ గాలి కంటే బరువు కాబట్టి దాన్ని అక్కడ పెడతారు. దానికీ గడువు తేదీ ఉంటుంది, సాధారణంగా ఐదు నుంచి ఏడేళ్లు. పోపు ఘాటుకు పొగ అలారం కుయ్యోమంటోందని బ్యాటరీ తీసేసే అలవాటున్నవారు ఆ చేతిని ఇక్కడ కట్టేసుకోవాలి.

చివరగా ఫ్రిజ్. అమ్మోనియాతో నడిచే పాత రకం గ్యాసు మీద కూడా చల్లబరుస్తుంది గానీ, బండి సమంగా నిలబడితేనే. అమ్మోనియా వాసన వచ్చినా, వెనక పసుపు పొడి కనిపించినా వెంటనే ఆపేయాలి. దాని స్థానంలో 12 వోల్టుల కంప్రెసర్ ఫ్రిజ్ పెట్టొచ్చు, బ్యాటరీలు సరిపోతే. కొనేముందు బండి తలుపును టేపు పెట్టి కొలవండి. కొన్ని పెద్ద బండ్లలో పాత ఫ్రిజ్‌ను బయటికి తేవాలంటే కిటికీనో ముందు అద్దాన్నో ఊడదీయాల్సి వస్తుంది, ఆ కూలి ఫ్రిజ్ ధరలో కలిపి ఉండదు.